దొర బల్లా, ప్రభువు బల్లా

అన్నయ్య పోయాక పెట్టిన ఆదరణ కూటం అయిన మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌లో, షాదీపూర్‌లో వాళ్ళింటి వరండాలో కూర్చుని, అద్దె కుర్చీలు తీసుకెళ్ళే మనిషి కోసం ఎదురుచూస్తున్నాను. మబ్బు పట్టి ఉంది కానీ వాన మొదలవలేదు. అన్నయ్య మనవరాలు స్నేహ ఫోను పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. “మామ్మా, తాతయ్య గడ్డం గీసుకుంటూ ముక్కుతో పాడుకునేది ఈ పాటే కదా?” అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. గిటారు రెండుసార్లు మోగగానే గుర్తుపట్టాను. “ఇందులో నాలుగు రకాలున్నాయి మామ్మా. చిన్నది, పెద్దది, స్టూడియోలో ముందుగా పాడి చూసుకున్నది, ఈమధ్య మళ్ళీ శుభ్రం చేసి మిక్స్ చేసింది. ఏది పెట్టమంటావు?” అంది. మా చిన్నతనంలో ఒక సంవత్సరమంతా మేం నలుగురం ఆ పాటకి ఒక్క రకమే ఉందనుకుని, ఒకరినొకరు అనుమానించుకుంటూ బతికాం. ఆ బ్యాండు పేరూ పాట పేరూ ఇక్కడ రాయను. రాస్తే ఈ కాలం పిల్లలు క్షణంలో వెతికి, నేను చెప్పేది తప్పని తేల్చేస్తారు.

అప్పట్లో మేం బతు బస్తీలో ఉండేవాళ్ళం. కొండవాలు మీద చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న ఇల్లు మాది. ఏడాదిలో సగానికి పైగా వానే కాబట్టి వంటింట్లో పొయ్యి మీదుగా తాడు కట్టి బట్టలు ఆరేసేవాళ్ళం. బడి బట్టలకీ గుడి బట్టలకీ కట్టెల పొగ, ఎండుచేప, కొబ్బరినూనె కలిసిన ఒకే వాసన పట్టేది. అందరి ఒంటి మీదా అదే వాసన కనుక మాకు తెలిసేది కాదు. మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన టీచరు ఒకావిడ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్న రోజున తెలిసింది. అమ్మ రేకుల చివర డ్రమ్ములు పెట్టి వాన నీళ్ళు పట్టేది. నానమ్మ చిన్నవయసులో శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేసిన మనిషి. యుద్ధమప్పుడు అడవుల్లో నడిచి వెనక్కి వచ్చి, స్వాతంత్య్రం తరవాత తాతయ్యతో కలిసి ఈ ద్వీపాలకు చేరింది. సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. నాన్న వాక్యం చదివేవాడు, అమ్మ కీర్తన ఎత్తుకునేది, జయరాజు అన్నయ్య గిటారు వాయించేవాడు. నానమ్మ ఆమెన్ దాకా ఎప్పుడూ మేలుకుని ఉండలేదు.

నాన్న మెరైన్ వర్క్‌షాపులో ఫిట్టరు, మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆయనకొక అలవాటుండేది. ఏ వస్తువు ఇంటికొచ్చినా ముందు వాసన చూసేవాడు. చేపలు, బియ్యం సరే. కొత్త చొక్కాని, విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాన్ని, ఆఖరికి మా పరీక్ష మార్కుల కాగితాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. షిప్పులో వచ్చిన ప్రతిదాని మీదా దారిలో ఎవరో ఒకరు చెయ్యి వేసే ఉంటారని ఆయన నమ్మకం. పది రోజుల పేపర్లు ఒకేసారి కట్టగా వచ్చినప్పుడు తేదీల వరసన చదివేవాడు, మధ్యలో ఒకటి తక్కువైతే అందులోనే అసలు వార్త ఉందనేవాడు. ఆయన్ని చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఆ గుణం మాకూ వచ్చిందని అప్పుడు తెలియదు.

ఆ పాట మా మధ్యకి తెచ్చింది విమల. మా ఇంటికి నాలుగిళ్ళ కింద ఉండేది, మా సంఘమే, నా ఈడుదే. వాళ్ళ నాన్న మద్రాసు షిప్పు ఇంజన్ రూములో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా అక్కడ హార్బరు దగ్గర ఏదో కొట్లో నింపించిన క్యాసెట్లు తెచ్చేవాడు. ఇక్కడి చెమ్మకి టేపు మీద తెల్లగా బూజు పట్టేది కాబట్టి విమల వాటిని బియ్యం డబ్బాలో దాచేది. ఏ క్యాసెట్టు తీసినా నాలుగు గింజలు రాలేవి. నేను తెలుగు మీడియం, విమలా అన్నయ్యా హిందీ మీడియం. ఇంగ్లీషు ముగ్గురికీ అంతంతమాత్రమే. అయినా రాక్ పాటలంటే మాకు పిచ్చి. శనివారం మధ్యాహ్నాలు అన్నయ్య తోడుండగా షాదీపూర్‌లో గోపాల్ భయ్యా రేడియో రిపేరు కొట్టుకి వెళ్ళేవాళ్ళం. గోపాల్ భయ్యా మా కంటే పదేళ్ళు పెద్ద, ద్వీపంలోనే పుట్టిన తెలుగువాడు. ఆ వెనక గదిలో పొట్ట విప్పిన రేడియోల మధ్య, సీసం కరిగిన పొగలో, ఒకే పాటని పదిసార్లు వెనక్కి తిప్పి తిప్పి వినేవాళ్ళం.

ఆ పాటలో గొడవంతా రెండు వాక్యాల దగ్గర. మొదటిదానిలో ‘లార్డ్స్ టేబుల్’ అనీ రొట్టె అనీ రాయి అనీ వినిపించేది. రెండోదానిలో నేను మోకాళ్ళు వంచను అంటాడు. ఆ రెండోది స్పష్టంగా ఉండేది, దాని మీద ఎవరికీ అనుమానం లేదు. మాకు భయం పుట్టించింది కూడా అదే.

“లార్డ్స్ టేబుల్, మత్లబ్ ప్రభువు బల్ల. గుడిలో మనం తీసుకునే సంస్కారం రొట్టెని రాయి అంటున్నాడు వీడు,” అన్నాడు అన్నయ్య.

“లార్డ్ అంటే లాట్ సాహబ్ కూడా కదా జయ్ భయ్యా,” అంది విమల. “దొర అన్నమాట. దొర ఇంట్లో బల్ల.”

“దొర ఇంట్లో మంచి రొట్టే ఉంటది కదా. రాయి ఎందుకవుద్ది?”

“పనోడికి ఏసీది రాయి. అందుకే వంగను అంటున్నాడు.”

“పనోడని పాటలో ఎక్కడుంది? చూపించు.”

ఆమె చూపించలేకపోయేది. గోపాల్ భయ్యా సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి, “అరే, అది స్టోనే కాదు, గాన్. రొట్టె అయిపోయింది అంటున్నాడు. టేపు అరిగిపోయి మీకలగ వినపడతంది,” అనేవాడు. మళ్ళీ వెనక్కి తిప్పేవాళ్ళం. పాట ఉన్నట్టుండి మధ్యలోంచి మొదలైనట్టుండేది. అన్నయ్యకి దాని మీద అనుమానం. మా కోసం ఇంకో కాపీ తీసేటప్పుడు గోపాల్ భయ్యాయే టేపు చాలక మొదలు కోసేశాడని. ఒకరోజు ఆ మాట అనేశాడు కూడా.

గోపాల్ భయ్యాకి కోపం రాలేదు, చిన్నబోయాడు. “నేను కోస్తే కోసిన కాడ టక్‌మని చప్పుడొస్తది. విను. వస్తందా?” అన్నాడు. నలుగురం ఊపిరి బిగబట్టి విన్నాం. రాలేదు. విమల వాళ్ళ క్యాసెట్టు తెచ్చి విన్నా అంతే. మద్రాసు కొట్టువాడు కోశాడా, బ్యాండువాళ్ళే అలా పాడారా, తెలుసుకునే దారి మాకు లేదు. అన్నయ్య మాత్రం ఆ తరవాత గోపాల్ భయ్యా చేతుల వంక చూస్తూ కూర్చునేవాడు.

పాటకి భయపడ్డాడు గానీ రాగాన్ని అన్నయ్య వదల్లేకపోయాడు. ఇంట్లో గిటారు మీద మెల్లగా, కీర్తనలా సాగదీసి వాయించేవాడు. ఒక ఆదివారం గుడిలో కానుక సంచి తిప్పుతున్నప్పుడు అదే వాయించాడు. ఎవరూ తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మ, “ఈయేళ వాయించింది ఏ కీర్తనరా? మనసుకి హాయిగుంది,” అంది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. తరవాత నాతో ఒంటరిగా, “మాటల్లేకపోతే రాగానికి పాపం ఏటుంటది కరుణా?” అన్నాడు. నన్ను అడిగాడో తనను తాను ప్రశ్నించుకున్నాడో. నేను భుజాలెగరేశాను.

రెండు వారాల తరవాత ఆదివారం నాన్న సంఘ పెద్దల కమిటీ నుంచి ఆలస్యంగా వచ్చాడు. బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టింది, చూడలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి, అన్నయ్యని పిలిచి, పైకి చదివాడు.

“ప్రభువు బల్ల మీద రొట్టె రాయి. నేను మోకాళ్ళు వంచను. మన గుడిలో కానుకల వేళ గిటారు మీద వాయించింది ఈ పాట. ఇది నువ్వు వాయించినావా?”

“మాటలు వాయించలేదు నాన్నా.”

“నేనడిగింది అది కాదు.”

“వాయించాను.”

“ఎవరు రాసినారండీ అది?” అంది అమ్మ.

“పేరు లేదు. కానుక సంచిలో ఏసినారు,” అని నాన్న కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏం తెలిసిందో మరి, బల్ల మీద పడేసి చేతులు కడుక్కోవడానికి లేచాడు. నేను ఆ కాగితం తీసి చూశాను. అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టు విడివిడిగా ఉన్నాయి. బల్లకి బ బదులు భ. రొట్టెకి ట కాస్తా ఠ అయింది. ద్వీపంలో హిందీ మీడియం చదివిన ఎవరు రాసినా తెలుగు అలాగే ఉంటుంది. కానీ ‘మోకాళ్ళు’ అన్న మాట మాత్రం తప్పు లేకుండా ఉంది. ళ కింద ళ వత్తు పొందిగ్గా కూర్చుంది. “పెట్టేయ్ కరుణా,” అన్నాడు అన్నయ్య. నా మొహంలోకి చూడలేదు. అవమానం వల్లనుకున్నాను.

నేను ఆ మాట దగ్గర ఆగిపోయింది వేరే కారణానికి. అంతకు పది రోజుల ముందు బడికి వెళ్ళే దారిలో విమల నన్ను ఆపి, “మోకాళ్ళు ఎలగ రాస్తారే? ళ కింద ళ ఎలగ పెట్టాలి?” అని అడిగింది. నేను పెన్ను తీసి ఆమె అరచేతిలో రాసి చూపించాను. సిరా ఆరేదాకా చెయ్యి చాపుకుని నడిచింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు అదే మాట, అంత తప్పుల కాగితంలో అదొక్కటే తప్పు లేకుండా, మా అన్నయ్యని పట్టిచ్చిన కాగితంలో కనిపించింది.

అన్నయ్యని ఈస్టరు దాకా సంస్కారపు బల్ల నుంచి ఆపారు, గిటారు ముట్టవద్దన్నారు. కమిటీలో అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది నాన్నే. కొడుకని వెనకేసుకొచ్చాడని ఎవరూ అనకూడదని కాబోలు. నెలకోసారి రొట్టె పళ్ళెం మా వరసకి వచ్చినప్పుడు అన్నయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకునేవాడు. పళ్ళెం అతన్ని దాటి నా దగ్గరికి వచ్చేది. ఆ ముక్క నా నోట్లో కరిగేది కాదు. గిటారు గోడ మేకుకి వేలాడేది. అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది.

నేనేం చేశానో కూడా రాయాలి. ముందు అమ్మకి చెప్పాను, అరచేతి సంగతి. తరవాత సండే స్కూలు ఆడపిల్లలకి. తరవాత కుళాయి దగ్గర నీళ్ళకి నిలబడ్డ ఆడవాళ్ళకి. “క్యాసెట్టు తెచ్చింది వాళ్ళే, పట్టించిందీ వాళ్ళే,” అన్నాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఇంకా నమ్మకం కుదిరేది. విమల మాతో కలిసి వచ్చేటప్పుడు ఎందుకలా మౌనంగా ఉండేదో, పాటలో ‘దొర’ అని ఎందుకంత పట్టుబట్టేదో, అన్నిటికీ నాకు కారణాలు దొరికాయి. ఆ రోజుల్లో విమలకి మెయిన్‌లాండ్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి పిలుపు వచ్చింది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, సత్‌ప్రవర్తన ఉత్తరం రాసివ్వాలి. నా మాట కుళాయి నుంచి ఆయన దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. “ఈ సంగతేదో తేలనివ్వండమ్మా,” అని ఉత్తరం ఆపాడు. సంగతి తేలలేదు. విమల ఎక్కాల్సిన షిప్పు వెళ్ళిపోయింది.

దానికి ముందు ఒకరోజు విమల మా ఇంటికి వచ్చింది. సాయంత్రం, వాన పడుతోంది. తలుపు నేను తీశాను. గొడుగు కింద నిలబడి కొంచెంసేపు నన్ను చూసి, “జయ్ భయ్యా ఉన్నాడా?” అంది. లేడన్నాను. అన్నయ్య నా వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, మా మాటలు వినపడే దూరం. లేచి రాలేదు. ఆమె మొహం చూడ్డం కూడా అతనికి ఇష్టం లేదనుకున్నాను. “సరే,” అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తరవాత వాళ్ళ కుటుంబం మా గుడి మానేసి ఊళ్ళో ఇంకో సంఘానికి వెళ్ళసాగింది. మరుసటేడు విమలకి పెళ్ళి చేశారు. షాదీపూర్‌లో కాపురం, బాల్వాడీలో పని. పోర్ట్ బ్లెయిర్ ఎంత ఊరని. బస్సులో, చేపల మార్కెట్లో, జెట్టీ దగ్గర ఎదురయ్యేది. నేను చూపు తిప్పుకునేదాన్ని. నలభై ఏళ్ళ పైన అలా తిప్పుకున్నాను.

ఈస్టరు వెళ్ళిన కొన్నాళ్ళకి గోపాల్ భయ్యా కబురు పెట్టాడు. విదేశీ షిప్పులో పనిచేసే ఎవరో రిపేరుకి ఇచ్చిన టేపురికార్డరులో అసలు క్యాసెట్టు ఒకటి ఉండిపోయిందట. అందులో అదే పాట. అన్నయ్యా నేనూ వెళ్ళాం. ఈసారి పాట గిటారుతో మొదలవలేదు. మిల్లు కూత లాంటి పెద్ద కూత, దాని వెనక కుక్కల మొరుగు, ఆ పైన గొంతు తగ్గించి పాడిన ఒక చరణం. మాకు అర్థమైనంతవరకు, తెల్లారకుండా మిల్లుకి వెళ్ళే మనిషి, వాడి పిల్లల కంటే ముందు తిండి తినే దొరగారి కుక్కలు. ఆ తరవాతే మాకు తెలిసిన పాట. బల్ల దొరది. రొట్టె దొరది. గోపాల్ భయ్యా అన్నయ్య వంక చూసి, “ఇప్పుడైనా నమ్ముతావా నేను కొయ్యలేదని?” అన్నాడు. అన్నయ్య రెండు చేతుల్లో తల పెట్టుకుని పాట అయిపోయినా అలాగే ఉండిపోయాడు. నిర్దోషిగా తేలాడు కదా, సంతోషం పట్టలేక అనుకున్నాను. విమల మీద నా కోపం ఇంకా పెరిగింది. దొర అని తెలిసీ ప్రభువు అని రాసిందన్నమాట, కావాలనే.

ఆ క్యాసెట్టుని బతిమాలి ఇంటికి తెచ్చి నాన్నకి వినిపించాను. కూత మోగగానే మూల మంచం మీద నుంచి నానమ్మ లేచి కూర్చుంది. “మిల్లు కూతే అది. రంగూన్ల మా మిల్లు కూత అలగే ఉండీది. రెండో కూతకి లోపల లేకపోతే ఆ పూట కూలి లేదు,” అంది. నాన్న పాటంతా విన్నాడు. క్యాసెట్టు బయటికి తీసి వాసన చూశాడు. “ఇది వేరే టేపు. అందులో లేనిది ఇందులోకి ఎక్కణ్ణించి వచ్చింది? ఆ రేడియోవాడు కూత అతికించాడేమో, మనకెలగ తెలుసు?” అన్నాడు. నానమ్మ కసురుకుంది, “ఆడెక్కడ తెస్తాడురా రంగూన్ మిల్లుని?” అని. నాన్న కమిటీకి ఏం చెప్పాడో తెలియదు. అన్నయ్యకి గిటారు వాయించే అనుమతి మళ్ళీ వచ్చింది. అతను వాయించలేదు.

తరవాతి జీవితమంతా అన్నయ్య మంచి మనిషిగా బతికాడు. పోర్టు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, నాన్న పోయాక సంఘ పెద్ద కూడా అయ్యాడు. ఎవరినైనా బల్ల నుంచి ఆపాలనే మాట వచ్చినప్పుడు ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదట. మెతక మనిషి అని అనుకునేవారు. దయ అని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఇదంతా నేను స్నేహకి కాస్త కాస్త చెబితే, “ఇంత చిన్నదానికా మామ్మా? ఒక్క నిమిషంలో వెతుక్కునేవాళ్ళు కదా,” అని ఆశ్చర్యపోయింది. వాళ్ళ కాలంలో పాట మాటలు తెర మీద వస్తాయి, ఏ మిక్సులో ఏ చరణం ఉందో రాసి ఉంటుంది. మాకు వినడమొక్కటే ఉండేది. విన్నదానికీ అనుకున్నదానికీ తేడా తెలియకుండా విన్నాం. అయితే ఆ పిల్ల కూడా ఎవరైనా మెసేజీకి జవాబివ్వడం ఆలస్యమైతే, చూసి కూడా ఎందుకివ్వలేదని రోజంతా బుర్ర పాడుచేసుకుంటుంది. అంత మారిపోయిందని నేననుకోను.

ఆ సాయంత్రం మా వదిన అన్నయ్య పుస్తకాలు చూడమంది. పాత పాటల పుస్తకం అట్ట లోపల, కాగితం అంటించిన చోట ఉబ్బుగా ఉంది. విప్పితే మడత పెట్టిన నోటుబుక్కు కాగితం. అన్నయ్య చేతిరాత. భల్ల. రొఠ్ఠె. ‘దొర’ అని రాసి, కొట్టేసి, పైన ‘ప్రభువు’ అని రాశాడు. దాన్నీ కొట్టేసి మళ్ళీ ‘దొర’. మళ్ళీ కొట్టివేత. చివరికి ‘ప్రభువు’. మోకాళ్ళు అన్న మాట ఒక్కటే వేరే చేతిరాత, విమల రాసే ఏటవాలు అక్షరాలు. అన్నిటికంటే కింద చిన్నగా, ‘ఈ రాగం గుడిలో వాయించడం పాపమా? చెప్పగలరు’ అని ఉంది.

నేను ఆ రోజు చూసిన కాగితంలో ఆ ఆఖరి వాక్యం లేదు. అన్నయ్యే ధైర్యం చాలక వదిలేశాడా, లేక పెద్దల్లో ఎవరైనా కింది ముక్క చింపేశారా? కాగితం అంచు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. నాన్న మీదికి కూడా నా అనుమానం పోయింది. తన పాపమేమిటో తనకే తేలక, మెత్తగా అడిగితే వచ్చే మెత్తటి జవాబుని తానే నమ్మలేనని, ఉన్నదాంట్లోకల్లా చెడ్డ అర్థం ఎంచి అయ్యగారి ముందు పెట్టాడు మా అన్నయ్య. అది పిడుగై తిరిగొచ్చాక, నాన్న ఎదురుగా, నోరు పెగల్లేదు. తరవాత నేను విమల పేరు ఊరంతా చెబుతుంటే అప్పుడూ పెగల్లేదు. తెలుగు రాయడం రాదని చెల్లెలి ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఒక్క మాట కోసం విమలని అడిగాడు. ఆమె నన్ను అడిగింది. జరిగిందంతే.

మర్నాడు పొద్దున విమల ఇంటికి వెళ్ళాను. రెండు వీధుల పైన. ఇన్నేళ్ళలో ఆ గేటు తీయడం అదే మొదలు. వరండాలో కూర్చుని కరివేపాకు దూస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. “కూటానికి రాలేకపోయాను, వానలో ఆ మెట్లు దిగలేను,” అంది. నేను కాగితం ఆమె ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఒక మాట దగ్గర వేలు ఆపింది.

“ఇది నేను రాసిందే. నువ్వు నా చేతి మీద రాసినావు, నేను ఇక్కడ దించినాను.”

“సంచిలో వేసింది అన్నయ్యేనని నీకు అప్పుడే తెలుసా?”

“నాకు చెప్పే ఏసినాడు. అయ్యగారు పాపం కాదంటారు, చూడు, అన్నాడు.”

“మరి నేను అందరితో నీ పేరు చెబుతుంటే ఎందుకూరుకున్నావు?”

విమల కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. “మీ అమ్మకి చెప్పినావు. కుళాయి కాడ చెప్పినావు. అయ్యగారి దాకా పోయింది. నువ్వేనా అని నా దగ్గరికొచ్చి ఒక్కపాలి అడగలేదు. అడిగితే చెప్పీదాన్ని. అడుగుతావేమోనని మీ ఇంటికి కూడా వచ్చినాను.”

“అన్నయ్య కోసం కదా వచ్చావు?”

“తలుపు తీసింది నువ్వు కదా,” అంది.

నేను క్షమించమని అడిగాను. ఆమె దూసిన ఆకుల్ని పళ్ళెంలోకి ఎత్తింది, పుల్లల్ని పక్కకి తోసింది. “ఆ షిప్పు పోయినాక మా నాన్న రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. తెలుసా నీకు?” అంది.

తెలియదన్నాను.

“అయితే కూర్చో, చెప్తాను. మధ్యలో మాట్లాడకు,” అంది. నేను చెప్పులు విడిచి కూర్చున్నాను.